ఆ దెబ్బకీ, ఈ మతిమరుపుకీ

మా అమ్మకి అల్జైమర్స్ అని డాక్టర్లు తేల్చింది 2020లో. అప్పటికి ఆమెకి 66 ఏళ్లు. అంతకు 22 ఏళ్ల ముందు, 1998 వేసవిలో, నాన్న స్కూటర్ వెనక ఒక పక్కకి కూర్చుని వెళుతుంటే కంకర మీద బండి జారింది. అమ్మ వెనక్కి పడింది. తల రోడ్డుకి కొట్టుకుంది. ముప్పావుగంట స్పృహ లేదు. ఇద్దరికీ హెల్మెట్ లేదు. ఆ రోజుల్లో మా ఊళ్లో ఎవరికీ లేదు. రెండు వారాలకి ఇంటికొచ్చింది, ఆ ఏడే ఆవకాయ పెట్టింది, తర్వాత నా పెళ్లి చేసింది. ఆ పడటం సంగతి అందరం మర్చిపోయాం, మామయ్య తప్ప.

మామయ్య అమ్మకి తమ్ముడు. గుంటూరులో 30 ఏళ్లకి పైగా తలకి ఆపరేషన్లు చేసి రిటైరయ్యారు. నేను విజయవాడలో డిగ్రీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెబుతాను. పోయిన సంక్రాంతికి ఆయన ఒక ఫైలు నిండా వ్యాసాలు ప్రింటు తీయించుకుని వచ్చారు. అమ్మ లోపల నిద్రపోతోంది, నాన్న ఆమె దగ్గర కూర్చున్నారు. వరండాలో మేమిద్దరం మొదలుపెట్టాం. గుర్తున్నంతవరకూ ఆ మాటలే రాస్తున్నాను.

మామయ్య: ఆన్ మెకీ పేరు విన్నావా అమ్మాయ్? బోస్టన్ యూనివర్సిటీలో మెదళ్లు కోసి పరీక్షించే డాక్టరు. ఆమె అసలు పని అల్జైమర్స్ మీద. టౌ అని ఒక ప్రోటీను ఉందే, ఏళ్ల తరబడి దాని వెంటే పడింది. ఒకసారి ఒక మాజీ బాక్సర్ మెదడు ఆమె బల్ల మీదికి వచ్చింది. బతికున్నన్నాళ్లూ అతనికి అల్జైమర్సే అనుకున్నారు. మైక్రోస్కోపు కింద పెడితే టౌ ఉంది గానీ, అల్జైమర్స్‌లో ఉండే తీరుగా లేదు. సన్న రక్తనాళాల చుట్టూ, మెదడు ముడతల అడుగున గుంపులుగా పేరుకుపోయింది. అక్కణ్ణుంచి ఆమె దారే మారిపోయింది. 2017 నాటికి అమెరికన్ ఫుట్‌బాల్ ఆడిన 202 మంది మెదళ్లు చూసి, 177 మందిలో ఆ జబ్బు ఉందని రాసింది. సీటీఈ అంటారు. పెద్ద లీగు ఎన్ఎఫ్ఎల్‌లో ఆడినవాళ్లు 111 మంది. అందులో 110 మందికి ఉంది!

నేను: ఆ 110 అంకె చూస్తే ఎవరికైనా గుండె ఆగుతుంది. కానీ ఆ మెదళ్లు ఎలా వచ్చాయి మామయ్యా? మనిషి మారిపోయాడు, కోపం పెరిగింది, మర్చిపోతున్నాడు అని ఏళ్లపాటు కళ్లారా చూసిన కుటుంబాలే కదా దానం చేసింది! జ్వరాల ఆసుపత్రి వార్డులో లెక్క తీసుకుని ఊరందరికీ ఇంతే జ్వరం ఉందంటే ఒప్పుకుంటారా? ఆ మాట మెకీ బృందమే వ్యాసంలో రాసుకుంది.

మామయ్య: రాసుకుంది. ఆమెని నమ్మడానికి అదొక కారణం. కానీ నువ్వన్న ఈ మాటనే అడ్డం పెట్టుకుని ఎన్నేళ్లు నడిపారో తెలుసా? 1928లోనే మార్ట్‌లండ్ అనే న్యూజెర్సీ డాక్టరు బాక్సర్ల గురించి రాశాడు. నడక తూలడం, మాట ముద్దకావడం, చివరికి మతి పోవడం. 2002లో పిట్స్‌బర్గ్ జట్టు ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ 50 ఏళ్లకే చనిపోతే, నైజీరియా నుంచి వెళ్లిన బెనెట్ ఒమాలు అతని మెదడు కోసి చూసి 2005లో వ్యాసం వేశాడు. లీగు కమిటీ డాక్టర్లు ఏం చేశారు? దాన్ని వెనక్కి తీసుకోమన్నారు. 2016లో గానీ లీగు ప్రతినిధి ఒకాయన అమెరికా చట్టసభ సభ్యుల ముందు 'అవును, సంబంధం ఉంది' అనలేదు. ఋజువు చాలదు, ఋజువు చాలదు అంటూ ఒక తరం ఆటగాళ్లని బలిపెట్టారు.

నేను: నన్ను ఆ లీగు పక్కన నిలబెట్టకండి. దెబ్బలు మెదడుని పాడుచేస్తాయి, అందులో నాకు అనుమానం లేదు. నేననేది వేరు. మెకీ చూసింది వేల దెబ్బలు తిన్న తలలని. అమ్మకి తగిలింది ఒకే దెబ్బ. పైగా అమ్మకి ఉన్నది సీటీఈ కాదు, అల్జైమర్స్. 2019లో కేంబ్రిడ్జిలో గోడెర్ట్, షెరెస్ వాళ్లు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద టౌ పోగుల ఆకారం చూశారు. అల్జైమర్స్‌లో ఒక మడత, సీటీఈలో ఇంకో మడత. సీటీఈ మడత మధ్యలో చిన్న ఖాళీ, అందులో ప్రోటీను కానిదేదో ఇరుక్కుని ఉంది. చీర ఒకటే, మడత వేరు. ఒకదానికి చెప్పింది ఇంకోదానికి ఎలా అంటగడతారు?

మామయ్య కాసేపు ఫైలు మూసి పెట్టారు. ఆయన జవాబు చెప్పేముందు చేతులు చూసుకుంటారు, ఆపరేషన్‌కి ముందు చూసుకున్నట్టు. ఆ తర్వాత చెప్పింది నేను ఏ పుస్తకంలోనూ అంత తేలిగ్గా అర్థం చేసుకోలేదు.

మామయ్య: ఒక్క దెబ్బే అన్నావు కదా. ఒక్క దెబ్బకి లోపల ఏమవుతుందో విను. మెదడు జున్నులాంటిది. తల హఠాత్తుగా ఆగితే అది లోపల మెలిక తిరుగుతుంది. నాడీకణాల పొడవాటి తీగలు సాగుతాయి. మామూలుగా మెల్లగా సాగదీస్తే వాటికేం కాదు. ఒక్క ఉదుటున సాగితే విరుగుతాయి. ఒక్కో తీగ లోపల రైలు పట్టాల్లాంటివి ఉంటాయి, సరుకంతా వాటి మీదే నడుస్తుంది. టౌ ఆ పట్టాల్ని పట్టి ఉంచే స్లీపర్లు అనుకో. పట్టా విరిగితే ఏమవుతుంది? మన జంక్షన్‌లో లైన్ పోతే బళ్లన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోవూ? అలా నిలిచిపోయే సరుకులో ముఖ్యమైంది అమైలాయిడ్ తల్లి ప్రోటీను. దాన్ని కోసే కత్తెరలూ అక్కడే చేరతాయి. కోస్తే వచ్చేది ఏమిటి? అల్జైమర్స్ మచ్చల్లో ఉండే అమైలాయిడే. తలకి పెద్ద దెబ్బ తగిలి చనిపోయినవాళ్లలో దాదాపు 30 శాతం మందిలో ఆ మచ్చలు కనపడ్డాయి. కుర్రాళ్లలో కూడా. కొందరిలో కొన్ని గంటల్లోనే.

నేను: ఆ మచ్చలు తర్వాత కరిగిపోతాయి కదా? దెబ్బ తగిలి బతికిన వాళ్లలో కొన్నాళ్లకి అవి అంతగా కనపడవని నేను చదివాను.

మామయ్య: కరుగుతాయి. మళ్లీ వస్తాయి. 2012లో జాన్సన్, స్టూవర్ట్, డగ్లస్ స్మిత్ కలిసి 39 మంది మెదళ్లు చూశారు. అందరికీ ఒకే ఒక్క దెబ్బ, గట్టి దెబ్బ. కొందరు ఏడాది బతికారు, కొందరు 47 ఏళ్లు బతికారు. వాళ్లలో మూడో వంతు మందికి టౌ చిక్కుముళ్లు, అమైలాయిడ్ మచ్చలు, దెబ్బ తగలని వాళ్లకంటే ఎక్కువగా, ఎక్కువ మేర కనపడ్డాయి. వాళ్లు బాక్సర్లు కాదమ్మా. ఒకసారి పడి, లేచి, ఇంటికెళ్లి బతికినవాళ్లు. అక్కలాంటి వాళ్లు.

ఇక్కడ నాకు మాట తడబడింది. ఆ వ్యాసం నేను చదివాను. కావాలనే దాని ఊసెత్తలేదు. వాదనలో నా వైపు బలహీనంగా ఉన్నచోటు నాకు ముందే తెలుసని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నేను: సరే, మూడో వంతు. మిగతా ఇద్దరి సంగతో? 2016లో అమెరికాలో 7,130 మంది వృద్ధుల్ని కలిపి చూశారు. స్పృహ తప్పేంత దెబ్బ తగిలినవాళ్లలో పార్కిన్సన్స్ ఎక్కువైంది. అల్జైమర్స్ మచ్చలకి మాత్రం సంబంధం దొరకలేదు.

మామయ్య: ఆ అధ్యయనంలో చేరేసరికే వాళ్లు ముసలివాళ్లు. దెబ్బ వల్ల 65లోనే మతి పోయినవాడు 80 ఏళ్లకి వచ్చి అందులో చేరతాడా? వచ్చిన రోగినే చూసి రాని రోగిని మర్చిపోకూడదని ఇందాక నువ్వే నాకు చెప్పావు!

నేను: చెప్పాను. ఒప్పుకుంటాను. అయితే అందరినీ లెక్కపెట్టిన దేశం సంగతి చూద్దాం. డెన్మార్క్‌లో ఆసుపత్రి రికార్డులన్నీ ఒక్కచోట ఉంటాయి. 2018లో 28 లక్షల మందిని తీశారు. తలకి దెబ్బ తగిలినవాళ్లకి మతిమరుపు జబ్బులు వచ్చే అవకాశం 1.24 రెట్లు. అల్జైమర్స్ ఒక్కదాన్నే తీస్తే 1.16 రెట్లు. అంతే. ఈ లెక్క ఏం చెబుతోందో చూడండి. తలకి దెబ్బ తగిలి, తర్వాత అల్జైమర్స్ వచ్చిన ఏడుగురిని వరసగా కూర్చోబెడితే, దెబ్బ లేకపోయినా ఆరుగురికి ఆ జబ్బు వచ్చేదే. దెబ్బ వల్ల వచ్చింది ఒక్కరికి. అది కూడా ఉజ్జాయింపే.

మామయ్య: అదే డెన్మార్క్ కాగితంలో ఇరవైల్లో దెబ్బ తగిలినవాళ్లకి 63 శాతం ఎక్కువని కూడా ఉంది, అది చెప్పవేం? తలకి కాకుండా ఒంట్లో ఎక్కడో ఎముక విరిగినవాళ్లతో పోల్చినా తేడా నిలిచిందని కూడా ఉంది. చిన్న దెబ్బ, పెద్ద దెబ్బ అన్నీ ఒక గంపలో వేస్తే 1.16 వస్తుంది. నా దగ్గర ఇంకో లెక్క ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో పనిచేసిన అమెరికా నేవీ, మెరీన్ కుర్రాళ్లు. అప్పటి ఆసుపత్రి రికార్డులు బయటికి తీసి, 50 ఏళ్ల తర్వాత వాళ్లెలా ఉన్నారో చూశారు. ప్లాస్‌మన్ బృందం, 2000. అరగంట దాటి, రోజు లోపు స్పృహ లేనివాళ్లని మధ్యరకం అన్నారు. వాళ్లకి అల్జైమర్స్ 2.32 రెట్లు. రోజు దాటినవాళ్లకి 4.51 రెట్లు. అక్కకి ముప్పావుగంట. ఏ గడిలో పడుతుందో నువ్వే చెప్పు. నీ వరసలో కూర్చోబెట్టు ఏడుగురిని.

కూర్చోబెట్టాను, మనసులోనే. 2.32లో 1.32 ఎంత? ఏడుగురిలో నలుగురు.

ఒకరా, నలుగురా? నా క్లాసులో అయితే ఈ రెండు అంకెల మధ్య దూరం ఒక మంచి పాఠం. ఒకటి చిన్న అధ్యయనం, మగవాళ్లే, దెబ్బ తీవ్రత జాగ్రత్తగా కొలిచినది. ఇంకోటి దేశం మొత్తం, కానీ తీవ్రత మోటుగా కొలిచినది. కానీ మా వరండాలో ఆ ఒకరికీ నలుగురికీ మధ్య మా నాన్న ఉన్నారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అంతసేపూ ఇద్దరం అనలేదు.

నేను: మామయ్యా, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీరు చెబుతున్నది సైన్సా, నాన్న మీద ఫిర్యాదా?

మామయ్య: నువ్వు చెబుతున్నది లెక్కలా, మీ నాన్న తరఫు వకాల్తానా?

కాసేపు మాట్లాడుకోలేదు. లోపల ఫ్యాను చప్పుడు.

మామయ్య: తప్పు నాదే. బావ మంచివాడు. ఐదేళ్లుగా అక్కకి స్నానం చేయించేది ఆయనే, జడ వేసేది ఆయనే. నేనైతే చేయలేను. అయినా ఆ కంకర రోడ్డు గుర్తొస్తే నాకు ఊపిరాడదు. ముప్పై ఏళ్లు అలాంటి తలలే తెరిచాను. రక్తం గడ్డ తీసేస్తాను, కుట్లు వేస్తాను, మనిషి నడిచి ఇంటికెళతాడు. మా పని అయిపోయిందనుకుంటాం. ఇరవై ఏళ్ల తర్వాత వాడేమయ్యాడో మేమెప్పుడైనా చూశామా? పొరపాటున కూడా చూడలేదు.

నేను: ఇంకో సంగతి. అమ్మమ్మ ఎప్పుడూ స్కూటర్ ఎక్కలేదు.

మామయ్య ముఖం పక్కకి తిప్పుకున్నారు. అమ్మమ్మకి 78 దాటాక మనుషులు కలిసిపోవడం మొదలైంది. ఆసుపత్రి నుంచి మామయ్య రాత్రి ఇంటికొస్తే, ఎప్పుడో చనిపోయిన తన అన్నయ్య పేరుతో పిలిచేది. వయసు ముదిరిందిలే అనుకున్నారు అందరూ. ఆ రోజుల్లో మా ఇళ్లల్లో ఆ జబ్బుకి పేరు లేదు.

నేను: ఏపీఓఈ4 అనే జన్యురకం సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. అది అమ్మమ్మకి ఉందేమో. ఉంటే అమ్మకి వచ్చిందేమో. ఆ దెబ్బ తగలకపోయినా...

మామయ్య: ఆపమ్మా. ఆ దారిలో ఎంత దూరం వెళ్లొచ్చో నాకు తెలుసు. మొన్న హైదరాబాదులో పెళ్లికి వెళితే నా పాత జూనియర్ ఎదురొచ్చి కాళ్లకి దండం పెట్టాడు. పదేళ్లు థియేటర్‌లో నా పక్కన నిలబడ్డ మనిషి. పేరు రాలేదు. రాత్రంతా వెతికాను, రాలేదు. తెల్లారి ఏమనుకున్నానో తెలుసా? 'నా తలకి ఎప్పుడూ దెబ్బ తగల్లేదు కదా' అనుకున్నాను. అనుకుని కాఫీ తాగాను.

అప్పుడర్థమైంది నాకు, ఆ ఫైలు ఎందుకు అంత లావుగా ఉందో. స్కూటర్ కారణమైతే అది అమ్మతో ఆగుతుంది. అమ్మమ్మ కారణమైతే అది మామయ్య దాకా వస్తుంది. నా దాకా వస్తుంది. మరి నేను నాన్న కోసం వాదించాను, ఆ వాదన నన్ను ఎక్కడికి తీసుకెళుతోందో చూడకుండా.

నేను: పరీక్ష చేయించుకున్నారా?

మామయ్య: లేదు. చేయించుకోను. ఉందని తెలిస్తే ఏం చేస్తాను? అది ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు, లేనివాళ్లకీ వస్తోంది. కానీ ఇంత మాట్లాడాక ఇదొకటి దాచకూడదు, విను. 1995లో న్యూయార్క్‌లో మేయూ బృందం ఈ రెండింటినీ కలిపి చూసింది. ఆ జన్యురకం ఉండి, దెబ్బ లేకపోతే రెండు రెట్లు. దెబ్బ తగిలి, ఆ జన్యురకం లేకపోతే పెరుగుదలే లేదు. రెండూ ఉంటే పది రెట్లు. చిన్న అధ్యయనం, తర్వాత వచ్చినవన్నీ దీన్ని సమర్థించలేదు. అయినా దీన్ని ఈ ఫైలు అడుగున పెట్టుకుని తిరుగుతున్నాను. ఇది నిజమైతే నువ్వూ గెలిచినట్టే, నేనూ గెలిచినట్టే.

నేను: ఇద్దరం ఓడిపోయినట్టు కూడా.

మామయ్య: ఊఁ.

నేను: ఇప్పుడు రక్తపరీక్షలు వచ్చాయి కదా. పీ-టౌ217 అని...

మామయ్య: అది జబ్బు ఉందో లేదో చెబుతుంది. ఎందుకొచ్చిందో చెప్పదు. పోయాక చూడాలన్నా మార్గం ఉంది, బెంగళూరు నిమ్హాన్స్‌లో మెదళ్ల బ్యాంకు ఉంది. మెకీ చూసినట్టే ముడతల అడుగున చూడొచ్చు, నాళాల చుట్టూ చూడొచ్చు. కానీ అక్కకి ఉన్నది మామూలు అల్జైమర్సే అయితే ఆ మచ్చ మీద 1998 అని రాసి ఉండదమ్మా. నా చేతులతో కోసినా నాకు కనపడదు.

ఒక్కచోట మాత్రం మాకు పేచీ రాలేదు. 2020లో లాన్సెట్ కమిషన్ మతిమరుపు జబ్బులకి మనం తగ్గించుకోగల కారణాల జాబితాలో తలదెబ్బని కూడా చేర్చింది. మన దేశంలో 2022లో హెల్మెట్ లేక రోడ్ల మీద చనిపోయిన వాళ్లలో బండి వెనక కూర్చున్నవాళ్లే 14,337 మంది. చనిపోయినవాళ్లు గనక లెక్కలోకి వచ్చారు. పడి, లేచి, ఇంటికి వెళ్లి ఆవకాయ పెట్టినవాళ్లని ఎవరు లెక్కపెట్టారు? డెన్మార్క్‌లా మన దగ్గర రికార్డులు ఒకదానితో ఒకటి కలవవు. గుంటూరులో తలకి కుట్లు వేసిన కాగితానికీ, ఇరవై ఏళ్ల తర్వాత విజయవాడలో 'అల్జైమర్స్' అని రాసిన కాగితానికీ మధ్య వంతెన లేదు. అమ్మ విషయంలో ఆ వంతెన మామయ్య ఫైలు ఒక్కటే. దీని మీద ఇద్దరికీ ఒకేలా కోపం వచ్చింది.

సాయంత్రం ఐదవుతుండగా నాన్న అమ్మని చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చారు. తల దువ్వి, నుదుట బొట్టు పెట్టారు. మా మాటలు ఎంతవరకు విన్నారో తెలియదు. కుర్చీ జరిపి అమ్మని కూర్చోబెట్టి, మామయ్య ఒళ్లోని కాగితాల వంక చూశారు.

'ముప్పై స్పీడు కూడా లేదు ఆ రోజు' అన్నారు, ఎవరూ అడక్కుండానే. 'కంకర పోశారని తెలియదు. పొద్దున వెళ్లేటప్పుడు లేదు.'

ఇన్నేళ్లలో ఆ రోజు గురించి నాన్న నోట నేను విన్న మాట అదొక్కటే. ఆ మాటకి సాక్ష్యం చెప్పగల మనిషి ఒక్కరే ఉన్నారు. ఆమె చేతిలో నాన్న ఒలిచి పెట్టిన బత్తాయి ఉంది.

'కంకర పోసినవాడు ఒక బోర్డు అయినా పెట్టలేదు, బావా' అన్నారు మామయ్య. ఫైలు మూసి కుర్చీ కింద పెట్టారు. 'రాత్రి మాత్ర ఎన్నింటికి ఇస్తున్నారు?'

'తొమ్మిదింటికి. అన్నం తిన్నాక.'

అమ్మ తొనలు విడదీస్తోంది. ఒక్కొక్కటే మామయ్య చేతిలో పెడుతోంది, చిన్నప్పుడు తమ్ముడికి పెట్టినట్టు. ఆయన తింటూ కూర్చున్నారు. అయిదో తొన ఇచ్చి, ఆయన ముఖంలోకి చూసి, 'ఎవరింటికి వచ్చారు బాబూ?' అని అడిగింది.

'మీ ఇంటికే అక్కా' అన్నారు మామయ్య, ఇంకో తొన కోసం చెయ్యి చాపుతూ.